గిన్నెను అడగండి

2011 మే నెలలో ఉత్తర జర్మనీ ఆస్పత్రులకు రక్తవిరేచనాలతో జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అంతకుముందు ఏ జబ్బూ ఎరగనివాళ్లు. కొందరికి రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం ఈ.కొలైలో ఓ104:హెచ్4 అనే రకం. అది ఏ తిండిలోంచి వస్తోందో తెలిస్తే తప్ప ఆపలేరు. ఎవరైనా అడిగే ప్రశ్నే అధికారులూ అడిగారు: "పోయిన వారం ఏమేం తిన్నారు?" టమాటాలు, కీరా, సలాడ్ ఆకులు అన్నారు రోగులు. మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ నుంచి వచ్చిన కీరాల పేరు బయటపెట్టారు. యూరప్‌లో కీరా కొనేవాడు లేకుండా పోయాడు. స్పెయిన్ రైతులు కోసిన పంటను కోసినట్టే పారబోశారు. కొన్ని రోజులకే ఆ కీరాల మీద ఉన్నది వేరే ఈ.కొలై అని తేలింది. అసలు దోషి మెంతి మొలకలు.

జర్మన్ల భోజనంలో మొలకలంటే చిటికెడు. సలాడ్ పైన చల్లుతారు, శాండ్‌విచ్ మధ్యలో పెడతారు. తిన్నట్టు కూడా తిన్నవాళ్లకు గుర్తుండదు. ఆ జబ్బుతో కిడ్నీలు దెబ్బతిన్న రోగులను ప్రత్యేకంగా విచారించినప్పుడు, నలుగురిలో ఒక్కరికే మొలకలు తిన్న సంగతి జ్ఞాపకం ఉంది. మిగతా ముగ్గురూ అబద్ధమేమీ చెప్పలేదు. వాళ్లకు తెలీదు, అంతే.

అప్పుడు జర్మనీ ప్రజారోగ్య సంస్థ రాబర్ట్ కోచ్ ఇన్‌స్టిట్యూట్ బృందం ప్రశ్ననే మార్చేసింది. ఒకే రెస్టారెంట్‌లో తిన్న 10 గుంపులను, మొత్తం 152 మందిని ఎంచుకుంది. ఏ కూరగాయ తిన్నారని అడగడం మానేసి, ఏ వంటకం తెప్పించుకున్నారని అడిగింది. ఆర్డర్ చీటీలు, బిల్లులు, భోజనం బల్ల దగ్గర దిగిన ఫొటోలు ముందు పెట్టుకుంది. ఆ తర్వాత వంటగదికి వెళ్లి ఏ వంటకంలో ఏ సరుకు ఎంత వేస్తారో వండేవాళ్లను అడిగి రాసుకుంది. లెక్క కట్టి చూస్తే, మొలకలు పడ్డ వంటకం తిన్నవాళ్లకు జబ్బు ముప్పు మిగతావాళ్లకంటే 14 రెట్లు. అక్కడ జబ్బుపడ్డ ప్రతి ఒక్కరి పళ్లెంలోనూ మొలకలు ఉన్నాయి. జూన్ 10న ప్రభుత్వం మొలకలు తినొద్దని ప్రకటించి కీరాల మీద హెచ్చరిక ఎత్తేసింది. అంతా సద్దుమణిగాక జర్మనీ లెక్క: జబ్బుపడ్డవాళ్లు 3,842 మంది, చనిపోయినవాళ్లు 53 మంది.

ఈ మలుపు తిప్పడానికి ఆ బృందానికి కొత్త యంత్రం ఏదీ అవసరపడలేదు. మనిషి జ్ఞాపకం దగ్గర ఆగిపోకుండా, కాగితం మీద, గిన్నెలో, బిల్లులో మిగిలిన ఆనవాళ్ల దాకా వెళ్లే స్వభావం అవసరపడింది. అది పుట్టుకతో రానక్కర్లేదు. అలవాటు చేసుకోవచ్చు. ఫుడ్ టెక్నాలజీ చదివే విద్యార్థి, ల్యాబ్ టెక్నీషియన్, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్, హాస్టల్ వార్డెన్, మెస్ మేనేజర్: మీలో ఎవరు ఇది చదువుతున్నా, మీ చేతిలో ఉన్న పెన్ను ఎంత పని చేయగలదో మీకు చెప్పాలని నా తాపత్రయం.

తిండి ద్వారా వచ్చే సూక్ష్మజీవుల ముప్పును లెక్కగట్టడాన్ని మైక్రోబియల్ రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. పేరు బరువుగా ఉంది గానీ అది వేసే ప్రశ్నలు తేలికే. ఈ తిండిలో ఏ సూక్ష్మజీవి ఉండొచ్చు? తినే సమయానికి ఎంత ఉంటుంది, మనిషి ఎంత మింగుతాడు? అంత మింగితే ఎందరికి జబ్బు చేస్తుంది? ఇవన్నీ కలిపితే ముప్పు ఎంత? అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ అలిమెంటారియస్ 1999లోనే ఈ దారి గీసిపెట్టింది. సమీకరణాలు ఉన్నాయి, కంప్యూటర్లు ఉన్నాయి. కరువల్లా వాటికి పెట్టే మేతకే. సూక్ష్మజీవి 30 డిగ్రీల దగ్గర ఎంత వేగంగా పెరుగుతుందో పుస్తకం చెబుతుంది. మీ ఊరి ఫంక్షన్ హాల్లో అన్నం 30 డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు ఉందో ఏ పుస్తకమూ చెప్పదు. దాన్ని అక్కడ నిలబడ్డ మనిషే రాయాలి.

అడిగే పద్ధతి నేర్చుకోండి

పెళ్లి భోజనం తిన్నవాళ్లకు వాంతులయ్యాయని కబురొచ్చింది అనుకోండి. మీరు వెళ్లి వంట మాస్టర్‌ని అడిగారు.

"అన్నం ఎప్పుడు దించారు?"

"పొద్దున్నే సార్."

"తర్వాత?"

"తర్వాత వడ్డించాం సార్."

ఈ రెండు జవాబులతో ఏ లెక్కా ముందుకు కదలదు. పైగా మాస్టర్ అప్పటికే భయపడి ఉన్నాడు. "మీరు చేసిందే కదా ఇదంతా" అన్న చూపు ఒక్కటి పడితే చాలు, ఆ నోరు ఇక తెరుచుకోదు. ఇప్పుడు అదే మనిషి పక్కన కూర్చుని, మంచినీళ్లు తాగి, ఇంకోలా అడిగి చూడండి.

"మాస్టర్‌గారూ, పెరుగు వ్యాన్ వచ్చేసరికి అన్నం దించేశారా?"

"దించేశాం సార్. వ్యాన్ వచ్చినప్పుడు గుండిగల్లోంచి గంపల్లోకి తిరగేస్తున్నాం. వాడే ఒక చెయ్యి వేశాడు."

"మొదటి బంతి లేచాక ఎంత మిగిలింది?"

"రెండు గంపలు సార్. పెళ్లికొడుకు తరఫువాళ్ల బస్సు లేటన్నారు. గుడ్డ కప్పి స్టోర్ రూములో పెట్టాం."

"బస్సు ఎప్పుడొచ్చింది?"

"మూడు దాటింది సార్. వాళ్లకి అదే వడ్డించాం."

పెరుగు వ్యాన్ డెలివరీ చీటీ మీద టైము ఉంటుంది. 8.40 అని ఉందనుకుందాం. బస్సు డ్రైవర్ ఫోన్లో చివరి కాల్ చూస్తే 3.10. అంటే ఆ రెండు గంపల అన్నం పొయ్యి దిగి ఆరున్నర గంటలైంది, మొదటి బంతి లేచాక అదంతా గుడ్డ కింద, గాలాడని గదిలోనే. "పొద్దున్నే సార్" అన్న మాటలోంచి ఇప్పుడు లెక్కకు పనికొచ్చే అంకె ఒకటి బయటికొచ్చింది. ఎవరినీ బెదిరించలేదు. టైము అడిగితే మనిషి తడబడతాడు. ఆ టైములో జరిగినదాన్ని అడిగితే కళ్లకు కట్టినట్టు చెబుతాడు.

ఆ ఆరున్నర గంటలు ఎందుకంత ముఖ్యం? బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉండటం మామూలే. అన్నం ఉడికినా ఆ విత్తులు చావవు. గోరువెచ్చగా ఉన్న అన్నంలో మేలుకుని, చీలి, పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేస్తే పోదు. కాబట్టి "తిరిగి వేడి చేసే పెట్టాం సార్" అన్న మాటతో ఊరట పడకండి. అమెరికా ఫుడ్ కోడ్ వండిన పదార్థాన్ని 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మొత్తం 6 గంటల్లోపు చల్లార్చమంటుంది. లోతైన గుండిగలో అన్నం పైన చల్లగా తగులుతుంది, నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. అందుకే ప్రోబ్ థర్మామీటర్ మధ్యలోకి దించాలి. పైన చెయ్యి పెట్టి చూసి "చల్లారింది" అని రాయడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. థర్మామీటర్ దించడం పది సెకన్ల పని.

ఎంత తిన్నారన్నదీ ఇలాంటి చిక్కే. "కొంచెం తిన్నా" అంటారు. కొంచెం అంటే ఎంత? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార సర్వేల్లో దీనికి చక్కని విరుగుడు వాడింది. పరిశోధకులు ప్రామాణిక కప్పులు వెంట తీసుకెళ్లి ఇల్లాలి ముందు పెడతారు. నిన్న ఎవరెవరికి ఎంత వడ్డించిందో ఆమె ఆ కప్పులతోనే చూపిస్తుంది. మాటల్లో దొరకని కొలత చేతిలో దొరుకుతుంది. సగటు ఒక్కటే రాసి ఊరుకోకండి. సగటు మనిషికి ఏమీ కాకపోవచ్చు. రెండు కప్పులు ఎక్కువ తిన్నవాడు, ముసలాయన, గర్భిణి, రెండేళ్ల బిడ్డ ఎంత తిన్నారన్నదే ముప్పు లెక్కలో కీలకం.

మాట వేరు, చేత వేరు

"వంటకు ముందు చేతులు కడుక్కుంటారా?" అని వంద మందిని అడగండి. వంద మందీ అవునంటారు. ప్రశ్నాపత్రం నింపి, నూటికి నూరు అని రాసుకుని మీరు సంతోషంగా వెళ్లిపోవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ అలా వెళ్లిపోలేదు. మామూలు జనాన్ని పిలిపించి, కెమెరాలున్న వంటగదిలో వంట చేయమంది. 2018లో బయటపెట్టిన ఫలితం: చేతులు సరిగ్గా కడగాల్సిన సందర్భాల్లో 97 శాతం విఫలం. చాలామంది సబ్బుతో 20 సెకన్లు రుద్దనేలేదు.

మరుసటి ఏడాది ఫలితం మన ఇళ్లకు సూటిగా తగిలేది. పచ్చి చికెన్‌ను సింకులో కడగడం శుభ్రతకు గుర్తని మనలో ఎక్కువమంది నమ్మకం. ఆ పరిశోధనలో, చికెన్ కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకులో ఆ తర్వాత బాక్టీరియా ఉంది. 26 శాతం మంది విషయంలో అది పక్కన పచ్చిగా తినడానికి సిద్ధం చేసిన సలాడ్ ఆకుల్లోకి చేరింది. వాళ్లను "మీ వంటగది శుభ్రమేనా" అని అడిగి ఉంటే ఏమనేవారో మీరు ఊహించగలరు.

ఇక్కడ మీరు పెంచుకోవాల్సింది అనుమానం కాదు, ఓపిక. ఒక టీ కొట్టు దగ్గర, ఒక టిఫిన్ బండి దగ్గర గంటసేపు మాట్లాడకుండా నిలబడి చూడండి. చట్నీ గిన్నె ఎన్నింటికి బయటికొచ్చింది, పొద్దుటి చట్నీ అడుగున ఉండగానే పైన కొత్తది పోశారా, గరిటె ఎక్కడ పెడుతున్నారు, డబ్బు తీసుకున్న చేత్తోనే ఇడ్లీ తీస్తున్నారా. మొదటి పావుగంట వాళ్లు మీకోసం జాగ్రత్త పడతారు. తర్వాత మిమ్మల్ని మర్చిపోతారు. నిజమైన సమాచారం అప్పుడే మొదలవుతుంది. చూడబోతున్నామని వాళ్లకు ముందే చెప్పండి, పేర్లు రాయబోమని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

"కనిపించలేదు" అంటే ఏమిటో తెలుసుకోండి

నూటికి ఒక ప్యాకెట్‌లో సాల్మొనెల్లా ఉన్న సరుకు మీ దగ్గరికి వచ్చిందనుకోండి. మీరు శ్రద్ధగా 60 ప్యాకెట్లు తెరిచి పరీక్షించారు. ఒక్కటీ పట్టుబడకపోవడానికి ఎంత అవకాశం? నూటికి 55. మీ పనిలో ఏ లోపమూ లేకుండానే, సగానికి పైగా సార్లు అది మీ కళ్లుగప్పి వెళ్లిపోతుంది. నూటికి 95 సార్లు పట్టుకోవాలంటే 300 దాకా తెరవాలి. అందుకే "60లో 0" అని రాసిన రిపోర్టుకు విలువ ఉంది, "సరుకు సురక్షితం" అని రాసిన రిపోర్టుకు లేదు. మొదటిదాన్ని రేపు ఇంకొకరి 240తో కలపొచ్చు. రెండోదాన్ని దేనితోనూ కలపలేం.

జర్మనీ మెంతుల సంగతే చూడండి. అనుమానం పడ్డ లాటులోని గింజలను పరీక్షిస్తే ఆ బాక్టీరియా దొరకనేలేదు. కొనుగోళ్లు, అమ్మకాల కాగితాలు పట్టుకుని వెనక్కి నడిచే ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల దాకా చేరుకున్నారు. ల్యాబ్ ఫలితం ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే దారి అక్కడే మూసుకుపోయేది.

ఇదే మాట ప్లేటు మీద కూడా వర్తిస్తుంది. ఆహారాన్ని పదింతలకు పల్చన చేసి, అందులోంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరిచారు. మర్నాడు తీసి చూస్తే ఒక్క కాలనీ లేదు. రిజిస్టర్‌లో ఏం రాస్తారు? చాలామంది 0 అని రాస్తారు. కానీ ఆ ప్లేటు మీద ఒక్క కాలనీ మొలిచినా అది గ్రాముకి 100 కింద లెక్క. అంటే ఖాళీ ప్లేటు చెప్పగలిగిందల్లా "గ్రాముకి 100 కంటే తక్కువ" అని మాత్రమే. అలాగే రాయండి. ఎన్ని గ్రాములు తీశారు, ఎంత పల్చన చేశారు, ఏ పద్ధతి వాడారు అన్నదీ పక్కనే రాయండి. ఆ వివరాలు లేని 0, లెక్క కట్టేవాణ్ణి తప్పుదోవ పట్టిస్తుంది. అంత తక్కువ ఉంటే ఏమవుతుందిలే అనుకోకండి, జపాన్‌లోని మోరియోకా పిల్లల కథ కింద చెప్పేదాకా ఆగండి.

కోడిగుడ్డుతో ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 1998లో అమెరికా ప్రభుత్వం గుడ్లలోని సాల్మొనెల్లా ఎంటరిటిడిస్ మీద ముప్పు లెక్క వేసింది. ఏటా ఉత్పత్తయ్యే 4,680 కోట్ల గుడ్లలో 23 లక్షల గుడ్ల లోపల ఆ బాక్టీరియా ఉంటుందని అంచనా. అంటే 20,000 గుడ్లకు ఒకటి. ఇంట్లో ఒక గుడ్డు కొట్టుకుని తినేవాడికి ఇది చాలా అరుదు. అదే 500 గుడ్లు ఒకే బకెట్‌లో పగలగొట్టి కలిపితే? 40 బకెట్లకు ఒక బకెట్ మొత్తం చెడుతుంది, ఆ బకెట్‌లోంచి తిన్న ప్రతివాడూ ముప్పులో పడతాడు. గుడ్డు మారలేదు, మనం కలిపే పద్ధతి మారింది. కాబట్టి గుడ్డులో బాక్టీరియా ఉందా అని పరీక్షించడం ఎంత అవసరమో, ఒక్కో విడతకు ఎన్ని గుడ్లు కలుపుతున్నారో రాసుకోవడం అంతే అవసరం. ఆ రెండో అంకెకు ల్యాబ్ అక్కర్లేదు.

2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు పూర్తి లెక్క కోసం ఆగడం కుదరదు. ఆ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం. కానీ అలాంటి నిషేధాన్ని ఎంతకాలం ఉంచాలి, దేనితో సడలించాలి అన్న ప్రశ్న వచ్చిన రోజున జవాబు మన వంటగదుల్లోంచే రావాలి. మయోనైజ్ పెట్టే మొమో బండ్ల దగ్గర ఒక విడతకు ఎన్ని గుడ్లు వాడతారు? కలిపింది ఎన్ని గంటలు బయట ఉంటుంది? నిమ్మరసమో వెనిగరో ఎంత వేస్తారు? మిగిలింది మర్నాటి దాంట్లో కలుపుతారా? అమెరికా గుడ్ల అంకె తెచ్చి హైదరాబాద్‌కు అతికిస్తే సరిపోదు. మన అంకెలు మనమే సేకరించాలి. నాకు తెలిసి, ఫుడ్ టెక్నాలజీ విద్యార్థికి ఇంతకంటే ఉపయోగపడే ప్రాజెక్టు దొరకదు.

ఇంకొక్క మాట. "మాకు ఒక్క ఫిర్యాదూ రాలేదు" అని గర్వంగా చెప్పే మెస్ మేనేజర్లు ఉంటారు. బ్రిటన్‌లో మామూలు జనం మధ్య లెక్క తీసిన పెద్ద అధ్యయనంలో, ప్రభుత్వ గణాంకాల్లోకి ఎక్కిన ఒక్కో కడుపు జబ్బు కేసుకు బయట 147 కేసులు ఉన్నాయని తేలింది. ఫిర్యాదు రాకపోవడం ఒక సమాచారమే. అది ఆరోగ్యం గురించిన సమాచారం మాత్రం కాదు.

50 గ్రాములు దాచండి

1996లో జపాన్‌లోని మోరియోకా నగరంలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఈ.కొలై ఓ157 సోకింది. మధ్యాహ్న భోజనంలో పెట్టిన సలాడ్, సముద్ర ఆహారపు సాస్ మీద అనుమానం. మామూలుగా అయితే కథ అక్కడితో ఆగిపోయేది. జబ్బు బయటపడేసరికి గిన్నెలు తోమేసి ఉంటారు, మిగిలింది పారేసి ఉంటారు. ఇక్కడ మాత్రం తిండి మిగిలి ఉండటంతో ఆ ఆహారంలోని బాక్టీరియాను లెక్కపెట్టగలిగారు. ఒక్కో పిల్లవాడు మింగింది సుమారు 31. అవును, ముప్పై ఒకటి. లక్షలూ కాదు, వేలూ కాదు. ఆ కొద్దిపాటితోనే 828 మంది పిల్లల్లో 208 మందికి సోకింది. అదే భోజనం తిన్న 43 మంది ఉపాధ్యాయుల్లో 7 మందికి సోకింది.

ఈ అంకెల విలువ ఎంతో చెప్పనివ్వండి. ఎంత మింగితే ఎందరికి జబ్బు చేస్తుందో తెలుసుకోవడానికి పిల్లల మీద ప్రయోగం చేయడం ఏ నాగరిక సమాజమూ ఊహించలేని పని. ప్రమాదం జరిగిన తర్వాత దాని నుంచి నేర్చుకోవడమే మనకున్న దారి. ఆ దారి తెరుచుకోవాలంటే తిండి మిగిలి ఉండాలి, తిన్నవాళ్ల లెక్క ఉండాలి, జబ్బుపడ్డవాళ్ల లెక్క ఉండాలి. మూడూ ఒకే చోట దొరకడం చాలా అరుదు. మోరియోకాలో దొరికాయి. గ్రాముకి 100 లోపు అన్న ఖాళీ ప్లేటు ఎంత పెద్ద సందు వదిలేస్తుందో ఇప్పుడు చూడండి.

అదే ఏడాది సకాయ్ నగరంలో కూడా బడి భోజనాల వల్ల వేలాది మంది ఓ157 బారిన పడ్డారు. 1997లో జపాన్ పెద్ద వంటశాలలకు సూచన జారీ చేసింది: ప్రతి ముడిసరుకు, ప్రతి వంటకం 50 గ్రాముల చొప్పున తీసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు దాచాలి. ఆ తర్వాత ఐదేళ్లకు, 2002లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కలిసి సాల్మొనెల్లా ఎంత మింగితే ఎంత ముప్పో లెక్క కట్టినప్పుడు వాడుకున్న సంఘటనల్లో సగానికి పైగా జపాన్‌వే. ప్రపంచమంతా వాడుకునే గీత ఒకటి అలా బడి వంటవాళ్ల, చిన్న ఊళ్ల అధికారుల క్రమశిక్షణ మీద నిలబడింది.

మన బడుల్లో పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూస్తారు. మంచి పద్ధతే. ఉప్పు ఎక్కువైందో లేదో, అన్నం మాడిందో లేదో నాలుక చెబుతుంది. ముప్పై ఒక్క బాక్టీరియాలను ఏ నాలుకా పట్టలేదు. రుచి చూసే రిజిస్టర్ పక్కనే ఫ్రీజర్‌లో ఒక చిన్న డబ్బా ఉంటే ఆ పద్ధతి పూర్తవుతుంది. హాస్టల్‌లో పిల్లలకు వాంతులైతే మొదటి అరగంటలో జరిగే పని గిన్నెలు కడిగేయడం. శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశంతోనో, భయంతోనో చేస్తారు. మీరు వార్డెన్ అయితే మీ మనుషులకు ఇవాళే చెప్పి ఉంచండి: అంబులెన్స్‌కు ఫోన్ చేశాక రెండో పని గిన్నెల మీద మూతలు పెట్టి, ఎవరూ ముట్టకుండా చూడటం.

చేదు అంకె రాసే ధైర్యం

ఫ్రిజ్ ఉష్ణోగ్రత రిజిస్టర్‌ను ఎక్కడైనా తెరిచి చూడండి. సోమవారం 4, మంగళవారం 4, బుధవారం 4. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే సంతకం. వంట హడావిడిలో రోజుకు యాభై సార్లు తలుపు తెరిచే ఫ్రిజ్ అలా ఉండదు. మధ్యాహ్నం 7 చూపిస్తుంది, కరెంటు పోయిన రాత్రి 11 చూపిస్తుంది. లిస్టీరియా అయితే 4 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది, 11 దగ్గర పరుగెడుతుంది. ముప్పు లెక్క కట్టేవాడికి ఆ 7, ఆ 11 కావాలి. నెలంతా నిండిన 4లు అతనికి ఎందుకూ పనికిరావు.

రాసే కుర్రాణ్ణి తప్పుపట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. అతను మొదటిసారి 9 అని రాసిన రోజున ఏం జరిగింది? "ఇన్‌స్పెక్షన్ వస్తే ఎవడు జవాబు చెబుతాడు" అని ఎవరో అరిచి ఉంటారు. ఆ అరుపుతో ఆ వంటగదిలో నిజం ఆగిపోయింది. మీరు పైస్థాయిలో ఉంటే, చేదు అంకె తెచ్చిన మనిషిని అందరి ముందూ మెచ్చుకోండి, తర్వాత ఫ్రిజ్ బాగుచేయించండి. మీరు కింది స్థాయిలో ఉంటే, చూసిన అంకెను చూసినట్టు, చూసిన వెంటనే రాయండి. సాయంత్రం కూర్చుని నింపొద్దు. తప్పు రాస్తే దిద్ది రాయకండి, ఒక్క అడ్డగీత గీసి పక్కన సరైనది రాసి సంతకం పెట్టండి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి కనిపించాలి. ఉద్యోగంలో మీ మాటకు బరువు తెచ్చేది ఇలాంటి రాతే. పదేళ్ల తర్వాత మీ రిజిస్టర్ కోర్టుకు వెళ్లినా, పరిశోధకుడి చేతికి వెళ్లినా మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

అంకెను దాచుకోవద్దు కూడా. 2003లో బ్రిటన్, అమెరికా పరిశోధకులు తమ తమ రికార్డులను కలిపి కామ్‌బేస్ అనే భాండారం మొదలుపెట్టారు. ఏ సూక్ష్మజీవి, ఏ ఆహారంలో, ఎంత ఉష్ణోగ్రత, ఎంత పులుపు, ఎంత తేమ దగ్గర, ఎన్ని గంటలకు ఎంతగా పెరిగింది లేదా చచ్చింది అన్న రికార్డులు అందులో వేల సంఖ్యలో ఉన్నాయి. ఎవరైనా చూసుకోవచ్చు. మన గోంగూర పచ్చడి, పులిహోర, పెరుగన్నం, నాటుకోడి పులుసు గురించి అలాంటి కొలతలు మన యూనివర్సిటీల థీసిస్‌లలో తప్పకుండా కొన్ని ఉంటాయి. చాలావాటిలో సగటు, ప్లస్ మైనస్ తప్ప అసలు కొలతలు మిగలవు. డిగ్రీ చేతికి రాగానే ఎక్సెల్ ఫైలు పాత ల్యాప్‌టాప్‌తో పోతుంది.

మీరు ఈ ఏడాది ప్రాజెక్టు చేస్తుంటే, మీ గైడ్‌గారిని అడిగి అసలు ఫైలును డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో పెట్టించండి. ప్రతి వరుసలో తేదీ, టైము, శాంపిల్ బరువు, ఉష్ణోగ్రత, పద్ధతి, పట్టగలిగే కనీస సంఖ్య ఉండాలి. ఏమీ దొరకని శాంపిళ్లనూ తీసేయకండి. మార్చి 12న ఇంక్యుబేటర్ కరెంటు పోయి రెండు గంటలు ఆగిపోతే, ఆ వరుస చివర ఆ సంగతి కూడా రాయండి.